గడ్డ వరకే తీయించాలా, రొమ్ము మొత్తం తీయించాలా?

అక్కా, అమ్మగారికి రొమ్ములో రెండు సెంటీమీటర్ల క్యాన్సర్ గడ్డ, డాక్టరు రెండు దారులూ చెప్పారు, చుట్టాలేమో మొత్తం తీసేయమంటున్నారని రాశారు. ఆ మాటలకు టెన్షన్ పడకండి. అమెరికాలో, ఇటలీలో రోగులను 20 ఏళ్లు గమనించి 2002లో ప్రకటించిన ఫలితాల్లో రెండు పద్ధతుల్లోనూ ఆయుష్షు ఒకేలా ఉంది. కాకపోతే గడ్డ వరకే తీయిస్తే రేడియేషన్ వదలొద్దు. ఆ అమెరికా పరిశీలనలో రేడియేషన్ లేనివాళ్లలో 39 శాతం మందికి అదే రొమ్ములో తిరగబెట్టింది, తీసుకున్నవాళ్లలో 14 శాతం మందికే. కాబట్టి మూడు నుంచి ఆరు వారాలు, సాధారణంగా వారానికి ఐదు రోజులు అమ్మగారిని ఆసుపత్రికి తీసుకెళ్లగలరా అన్నది ముందు చూసుకోండి. గడ్డలు వేర్వేరు చోట్ల ఉంటే, లేదా రేడియేషన్ ఇవ్వడం కుదరకపోతే సాధారణంగా మొత్తం తీయించమంటారు. చంకలో లింఫ్ గ్రంథులన్నీ తీయాలా, సెంటినెల్ బయాప్సీ (క్యాన్సర్ ముందుగా చేరే కొద్ది గ్రంథులనే తీసి పరీక్షించడం) సరిపోతుందా అని తప్పకుండా అడగండి. అన్నీ తీసేస్తే చెయ్యి వాచిపోయే ప్రమాదం ఎక్కువ.