పొరల పఫ్ పై అడుగు పచ్చిగా మిగిలిపోతుంటే

పఫ్ పిండి షీట్ల మధ్య కూర నింపి, నాలుగు వైపులా మూసి ఓవెన్‌లో కాల్చే పఫ్ పై (pie) చేస్తే, మూత బంగారు రంగు తిరిగినా అడుగు మాత్రం తడి మైదాముద్దలా ఉండిపోతోందని, లోపం ఓవెన్‌దా, కొన్న పఫ్ షీట్లదా అని మీరు అడిగారు. నా అనుభవంలో చాలావరకు ఆ రెండింటిదీ కాదు, లోపల పెట్టే కూరదే.

మొదటిసారి నేను బంగాళాదుంప కూర, పాలకూర పనీరు, ఉడికించిన కోడిగుడ్లు మూడు వరుసలుగా పేరుస్తూ, ఇంకా పొగలు పోతున్న కూరనే షీటు మీద పరిచాను. ఓవెన్‌లో పెట్టిన కొద్దిసేపటికే వెన్న ట్రేలోకి కారి మాడు వాసన వచ్చింది. కోసి చూస్తే పైమూత చక్కగా విచ్చుకుంది గాని, అడుగున వేలు పెడితే పిండి అంటుకుంది.

పఫ్ పిండిని మధ్యలో వెన్న పెట్టి మూడేసి మడతలుగా ఆరుసార్లు మడిస్తే 729 వెన్న పొరలు ఏర్పడతాయి. ఓవెన్ వేడికి పిండిలోని, వెన్నలోని నీరు ఆవిరై ఆ పొరలను పైకి లేపుతుంది. అయితే వెన్న సుమారు 32 నుంచి 35 డిగ్రీల దగ్గరే కరుగుతుంది కనుక, వేడి కూర తగిలితే అది ఓవెన్‌లోకి వెళ్ళకముందే పిండిలోకి ఇంకిపోయి, విడివడడానికి పొరలే మిగలవు. ఎండాకాలంలో మన వంటగదుల్లో కూర చల్లారినా ఈ ముప్పు తప్పదు. ఇంట్లోవాళ్ళు నవ్వినా సరే, మే నెలలో నేను ఏసీ గదిలో కూర్చునే షీట్లు పరుస్తాను.

బేకరీలో దొరికే ఎగ్ పఫ్‌కు ఈ బాధ ఎందుకు లేదని మీకు అనిపించవచ్చు. అందులో బాగా వేగిన ఉల్లిపాయ మసాలా, అరచెక్క గుడ్డు తప్ప మరేమీ ఉండదు. పైగా పక్కలు తెరిచి ఉండడంతో ఆవిరి బయటికి పోతుంది. మన పఫ్ పైలోనైతే కిలోకు దగ్గరగా కూర నింపి నాలుగు వైపులా మూసేస్తాం.

ఇప్పుడు నేను కూరలను ముందురోజు రాత్రే వండి ఫ్రిజ్‌లో పెడతాను. అరకిలో పాలకూరను మగ్గబెట్టి, పలుచటి గుడ్డలో మూటకట్టి పిండితే అరకప్పుకు పైగా పచ్చటి నీరు కారుతుంది. అదంతా ఒకప్పుడు నా పఫ్ పైలోకే వెళ్ళేది. అడుగు షీటును ఫోర్కుతో పొడిచి, రెండు చెంచాల రస్కు పొడి చల్లి, తేమను పీల్చుకునే బంగాళాదుంపను ముందుగా, దాని మీద గుడ్లు, చివరగా పాలకూర పరుస్తాను. మూతకు మధ్యలో చిన్న రంధ్రం తప్పనిసరి. గుడ్డు సొనను మూత పైభాగానికే పూయండి, కోసిన అంచులకు తగిలితే పొరలు అతుక్కుపోతాయి.

గాజు పాత్ర నెమ్మదిగా వేడెక్కుతుంది కనుక పలుచటి లోహపు టిన్ను వాడండి. ఓటీజీలో (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్‌లో) పైనా కిందా ఉండే రెండు వేడి కడ్డీలూ వెలిగించి, ట్రేను లోపలే ఉంచి 220 డిగ్రీలకు వేడిచేశాక టిన్నును దాని మీద పెట్టాలి. పావుగంట తర్వాత వేడిని 180కి తగ్గించి మరో 35 నిమిషాలు ఉంచుతాను. ఇంత చేసినా కూర బరువు కింద ఉన్న అడుగు పొర మూతలా ఉబ్బదు. కరకరలాడితే అంతకుమించి ఆశించనక్కరలేదు. ఇరవై నిమిషాలు ఆరనిచ్చి, రొట్టె కోసే రంపపు అంచు కత్తితో కోయండి. మర్నాటికి మిగిలితే మైక్రోవేవ్ జోలికి పోకుండా పెనం మీద, మూత పెట్టకుండా, సన్నని సెగన వేడిచేసుకోండి.