మేనకోడలికి, డ్రోన్ పైకి లేపే ముందు

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

నిన్న నువ్వు ఫోనులో చెబుతున్నంతసేపూ నేను ఊ కొట్టడం తప్ప ఏమీ అనలేదు. మీ అత్తయ్య పక్కనే ఉండి ‘అమ్మాయిని ఊరికే భయపెట్టకండి’ అని కళ్లతోనే చెప్పింది. అందుకని ఇవాళ కాగితం తీశాను.

ముందు కొర్లగుంట సంగతి. గృహప్రవేశం షూటింగులో నీ మీద అరిచిన ఆ పక్కింటి ఆవిడది తప్పు కాదు. ‘నేను ఆమెను తీయనే లేదు మామయ్యా, కొత్త ఇంటి ముందు భాగం తీస్తున్నాను’ అన్నావు. నిజమే అయ్యుంటుంది. కానీ ఆమె తలస్నానం చేసి, జుట్టు విరబోసుకుని, మిద్దె మీద వడియాలు పెట్టుకుంటోంది. తుమ్మెద రొదలాంటి చప్పుడు వినిపించి తలెత్తి చూస్తే నాలుగు రెక్కల యంత్రం, దాని పొట్ట కింద ఒక కన్ను. ఆ కన్ను ఎటు చూస్తోందో ఆమెకు తెలిసే వీలేది? మన తిరుపతి గాంధీ రోడ్డులో ముప్ఫై ఏళ్లు ఫొటో స్టూడియో నడిపాను. నేను కెమెరా ఎత్తితే ఎదుటివాళ్లకు కనిపించేది. ఇష్టం లేనివాళ్లు మొహం తిప్పుకునేవాళ్లు, కొంగు అడ్డం పెట్టుకునేవాళ్లు, లేదా వచ్చి నా కాలరు పట్టుకునేవాళ్లు. ఒకసారి తిరుచానూరులో పెళ్లికూతురి మేనమామ నిజంగానే పట్టుకున్నాడు. ఆ మూడింటిలో ఒక్కటైనా చేసే వీలు ఆవిడకు లేకపోయింది. మిగిలింది అరవడమే.

పైగా ఆమె ‘పోలీసులకు తీసి పెడుతున్నావా?’ అని అడిగినందుకు నీకు ఉడుకుమోత్తనం వచ్చింది. ఆ అనుమానం ఆకాశం నుంచి ఊడిపడలేదు. 2020 లాక్‌డౌన్‌లో గుమిగూడినవాళ్లను చూడటానికి వీధుల మీద డ్రోన్లు తిరిగాయి. అదే ఏడాది చివర రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలైతే పల్లెల్లో పొలం గట్ల మీదికి డ్రోన్ వచ్చింది. తరువాత పేకాట శిబిరాల మీద, తోటల్లో తాగేవాళ్ల మీద పోలీసులు డ్రోన్లు ఎగరేసి, ముక్కలు పారేసి పరుగెత్తేవాళ్ల వీడియోలను వాళ్లే బయటపెట్టారు. జనం చూసి నవ్వుకున్నారు, నేనూ నవ్వాను. 2024 సెప్టెంబరులో విజయవాడ మునిగినప్పుడు అదే యంత్రం అన్నం పొట్లాలు మోసుకెళ్లింది, అదీ చూశాం. కానీ మిద్దె మీద ఒంటరిగా ఉన్నప్పుడు మనిషికి అన్నం పొట్లం గుర్తుకు రాదు.

కాబట్టి ఇకమీదట ఎగరేసే ముందు అరగంట ముందే వెళ్లు. చుట్టూ ఉన్న నాలుగైదు ఇళ్ల తలుపు తట్టు. ‘అక్కా, ఫలానా ఇంట్లో శుభకార్యం, పది నిమిషాలు డ్రోన్ తిరుగుతుంది, ఆరేసిన బట్టలుంటే తీసేసుకోండి’ అని చెప్పు. ఆడపిల్లవు కాబట్టి నువ్వు చెబితే వింటారు, ఈ పనిలో అది నీకున్న బలం. ఎవరైనా నమ్మకపోతే నీ రిమోటు తెర చూపించు. యంత్రం పైకి లేచేటప్పుడు, దిగేటప్పుడు కెమెరాను నేలకేసి వంచి ఉంచు. తీయవలసిన చోటికి చేరేదాకా రికార్డింగ్ నొక్కకు. నీ తోటి కుర్రాళ్లు లేచిన క్షణం నుంచి దిగేదాకా తీస్తూనే ఉంటారు, దారిలో ఉన్న ప్రతి పెరడూ వాళ్ల మెమరీ కార్డులోకి చేరుతుంది. స్త్రీ ఏకాంతంలో ఉండగా చూసినా, చిత్రీకరించినా భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికే ఏడాదికి తక్కువ కాకుండా మూడేళ్ల దాకా జైలు. ‘అనుకోకుండా ఫ్రేములోకి వచ్చింది’ అని నువ్వు చెప్పుకునే అవసరమే రాకూడదు.

ఇక నువ్వు అసలు అడిగిన విషయం. పోలీస్ స్టేషన్ నుంచి నీకు రెండు పనులు చెప్పారు: మే నెలలో గంగ జాతర బందోబస్తు, ఆ మరుసటి వారం ఒక ధర్నా. ‘రెండూ ఎగరేయడమే కదా’ అన్నావు. అలా కాదమ్మా.

నీకు ఎప్పుడూ చెప్పని ఒక సంగతి చెబుతాను. మీ అమ్మకు పెళ్లి కాకముందు, వేరే ఊళ్లో, విద్యార్థుల ఊరేగింపు ఒకటి జరిగింది. ఊరి పేరు అనవసరం. వీడియో తీసి క్యాసెట్ ఇవ్వమని స్టేషన్ నుంచి కబురొచ్చింది. భుజం మీద కెమెరా పెట్టుకుని మహా గర్వంగా వెళ్లాను. సాయంత్రం స్టేషన్లో టీవీకి వీసీఆర్ తగిలించారు. అధికారి కుర్చీ ముందుకు లాక్కుని, ‘ఆపు. కొంచెం వెనక్కి. ఆపు’ అంటున్నాడు. ఆపిన బొమ్మ మీద తెల్ల గీతలు అడ్డంగా వణుకుతున్నాయి, వాటి మధ్య ఒక కుర్రాడి మొహం. వాడు ఊరేగింపులో లేడు. రోడ్డు పక్క బడ్డీ కొట్టు దగ్గర వేరుశనక్కాయల పొట్లం పట్టుకుని, ఏమిటీ హడావుడి అని మెడ చాచి చూస్తున్నాడు. వాడి మీదికి జూమ్ చేసింది నేనే. ఎందుకంటే సాయంత్రపు ఎండ వాడి చెంప మీద అందంగా పడింది. అంతకు మించి కారణం లేదు. అధికారి వేలు ఆ తెర మీద, ఆ చెంప మీద పెట్టాడు. వాణ్ణి మూడు రోజులు స్టేషన్ చుట్టూ తిప్పారని, ఒక పరీక్ష పోయిందని తరువాత తెలిసింది. నాకు బిల్లు ఎనిమిది నెలలకు వచ్చింది. ఆ డబ్బుతో ఏం కొన్నానో గుర్తు లేదు కానీ ఆ పొట్లం కట్టిన కాగితం మీద సినిమా బొమ్మ ఉండటం మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

అయినా జాతర పని ఒప్పుకోమనే చెబుతాను. 2025 జనవరి 8 రాత్రి మన ఊళ్లోనే, బైరాగిపట్టెడలో, తిరుమల వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాట జరిగి ఆరుగురు పోయారు. అది మనకు ఎంత దూరం? ఆ రాత్రి అంబులెన్సుల చప్పుడు విన్న తరువాత, జనం ఎక్కడ ఒత్తుకుంటున్నారో పైనుంచి చూసే కన్ను వద్దని ఏ నోటితో అంటాను? అయితే రద్దీ చూడటానికి మొహాలు అక్కర్లేదు. లెక్క వేసి చూడు. మామూలు వెడల్పు లెన్సుతో 120 మీటర్ల ఎత్తునుంచి నేల మీద దాదాపు 180 మీటర్ల వెడల్పు ఫ్రేములో పడుతుంది. 4కె బొమ్మలో అడ్డంగా ఉండేవి 3,840 చుక్కలు (పిక్సెళ్లు). అంటే చుక్కకు సుమారు ఐదు సెంటీమీటర్లు, మనిషి మొహానికి మూడు చుక్కలు. తాతయ్యగుంట గంగమ్మ గుడి ముందు ఎంతమంది ఉన్నారో, ఏ సందు బిగుసుకుపోతోందో బ్రహ్మాండంగా తెలుస్తుంది. ఫలానావాడు ఫలానా చోట ఉన్నాడని తెలియదు. అదే 30 మీటర్లకు దిగావంటే మొహానికి పన్నెండు చుక్కలు దాటతాయి. జూమ్ లెన్సు తగిలించావంటే ఇక నా టీవీ తెర కథే. కాబట్టి ఎత్తు, లెన్సు రెండూ ముందే మాట్లాడుకో. ‘రద్దీ చూపిస్తాను సార్, మనుషుల్ని వెతకను’ అని మర్యాదగా, మొదటి రోజే చెప్పు.

జాతరలో ఎలాగూ బొగ్గు పూసినవాళ్లు, గంధం పూసినవాళ్లు, చీర కట్టిన మగవాళ్లే వీధి నిండా ఉంటారు, ఎవరి మొహం ఎవరిదో కన్నతల్లికే తెలియదు. ఆడవాళ్లను చెరిచి దాక్కున్న పాలెగాడి కోసం గంగమ్మ వేషం మీద వేషం వేసి, చివరికి దొర వేషంలో వాణ్ణి బయటికి రప్పించిన కథ నీకు మీ అమ్మమ్మ చెప్పే ఉంటుంది. చిన్నప్పుడు నాకు తట్టలేదు కానీ, ఆమె వెతికింది ఒక్కణ్ణి, వాడు చేసిన పాపం ఊరందరికీ తెలుసు. వాడి కోసం ఇంటింటి వంటగదిలోకీ తొంగిచూడలేదు.

ధర్నా పని మాత్రం నాకు ఇష్టం లేదు. అక్కడికి వచ్చేవాళ్లు అంగన్‌వాడీ టీచర్లో, మామిడి రైతులో, మునిసిపల్ కార్మికులో అవుతారు. ఎవరు వచ్చారో నమోదవుతుందని తెలిస్తే వచ్చేసారి సగంమంది రారు. ఆ సగంమందిని ఎవరూ లాఠీతో కొట్టనక్కర్లేదు, నీ డ్రోన్ చప్పుడే చాలు. 2024 ఫిబ్రవరిలో హరియాణా, పంజాబ్ సరిహద్దున శంభు దగ్గర రైతుల మీద పోలీసులు డ్రోన్లతో బాష్పవాయు గోళాలు జారవిడిచారు. రైతులు ఏం చేశారో తెలుసా? గాలిపటాలు ఎగరేశారు, దారం రెక్కలకు చుట్టుకుని కింద పడుతుందని. ఆ వార్త చదివి నేను ఒక్కణ్ణే కూర్చుని నవ్వాను, ఆ తరువాత నవ్వు రాలేదు. పోలీసులకు తమ డ్రోన్లు, తమ సిబ్బంది ఉన్నారు. కావాలంటే వాళ్లే తీసుకుంటారు, చట్టానికి వాళ్లే జవాబు చెప్పుకుంటారు. అద్దెకు వెళ్లిన నువ్వు ఎవరికి జవాబు చెబుతావు? రేపు అదే వీధిలో పెళ్లి తీయాలి కదా.

చట్టం ఏమంటుందని అడిగావు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామి వేసిన కేసులో, గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చింది. సర్కారు అందులో వేలు పెట్టాలంటే దానికొక చట్టం ఉండాలి, న్యాయమైన అవసరం ఉండాలి, ఆ అవసరానికి మించి చేయకూడదు. మాట గట్టిదే. తరువాత 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం మాత్రం నేరాల నివారణకు, దర్యాప్తుకు చాలా మినహాయింపులిచ్చింది. కేంద్రం నోటిఫై చేసిన ప్రభుత్వ సంస్థలకైతే ఆ చట్టం అసలే వర్తించదంది. అమెరికాలో ఈ తగవు మనకంటే పాతది. అక్కడ పోలీసులు 400 అడుగుల ఎత్తున హెలికాప్టర్‌లోంచి ఒకాయన పెరట్లోని మొక్కల షెడ్డులోకి తొంగిచూసి గంజాయి పట్టుకున్నారు. దానికి వారంటు అక్కర్లేదని 1989లో వాళ్ల సుప్రీంకోర్టు అంది. మన దేశంలో ముందస్తు అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయగల గ్రీన్ జోన్ పరిమితి కూడా 400 అడుగులే. యాదృచ్ఛికమే అనుకో, కానీ చదివినప్పుడు నాకు ఒళ్లు కొంచెం జలదరించింది.

జాతర పనికి కాగితం లేకుండా కదలకు. ఏ తేదీ, ఏ గంట నుంచి ఏ గంట దాకా, ఏ వీధుల మీద, ఎందుకోసం అన్నది స్టేషన్ ముద్రతో రాయించుకో. పని అయ్యాక కార్డు వాళ్లకు ఇచ్చి రసీదు తీసుకో, నీ దగ్గర నకలు ఉంచుకోకు. ‘ఒకటి ఉంటే మంచిది కదా’ అనిపిస్తుంది. అనిపించనివ్వు, అయినా ఉంచుకోకు. కంప్యూటర్‌లో మిగిలిపోయిన నకలే ఏదో ఒక రోజు మీ తమ్ముడి స్నేహితుల వాట్సాప్ గుంపులోకి జారుతుంది. ఆ వీడియో కోర్టుకు వెళితే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి, తీసిన పరికరం నీది కాబట్టి సంతకానికి నిన్ను పిలుస్తారు, ఆ పత్రంలో ఫైలు హ్యాష్ విలువ (ఫైలులో ఏ కాస్త మార్చినా మారిపోయే గుర్తు సంఖ్య) కూడా రాయాలి. కార్డు ఇచ్చేముందే ఆ విలువ రాసిపెట్టుకో.

అలాగే ఎవరైనా కానిస్టేబుల్ వచ్చి ‘మొన్న ఆ పెళ్లిలో తీసింది ఒకసారి ఇచ్చిపో అమ్మా’ అంటే, వినయంగానే ‘సార్, రాతపూర్వకంగా ఇవ్వండి, వెంటనే తెచ్చిస్తాను’ అను. కొత్త నేర విచారణ చట్టంలో 94వ సెక్షన్ అందుకే ఉంది, దర్యాప్తుకు కావాలంటే వాళ్లు రాసి అడగవచ్చు. రాసి ఇస్తే మాత్రం దాచకు, చెరపకు, అప్పుడు తప్పు నీదవుతుంది. మామూలు షూటింగులవైతే పని చెప్పినవాళ్లకు ఇచ్చిన నెలకల్లా నీ దగ్గర ఖాళీ చేసెయ్యి.

జోన్ల సంగతి నీకు శిక్షణలో చెప్పే ఉంటారు, త్వరగా ముగిస్తాను. ప్రతిసారీ ఎక్కడ ఎగరవచ్చో చూపించే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపు చూడు, నిన్నటి పచ్చ రంగు ఇవాళ ఉండకపోవచ్చు. రేణిగుంట విమానాశ్రయానికి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అనుమతి లేకుండా 200 అడుగులే, 8 లోపలైతే ముందస్తు అనుమతి తప్పదు. తిరుమల కొండ మీద డ్రోన్ మాటే ఎత్తకు, ఎంత డబ్బిచ్చినా సరే. పోలీసుల పని కదా అని నీ డ్రోన్ గుర్తింపు సంఖ్య, పైలట్ సర్టిఫికెట్, బీమా లేకుండా వెళ్లకు. అడిగేవాళ్లు ఉండరని కాదు, ఏదైనా తెగి జనం మీద పడితే ఆ రోజు పక్కన ఎవరూ నిలబడరు.

చివరిగా, నీకోసం ఒకటి కుట్టించాను. మన పాత దర్జీ చేతనే. నారింజ రంగు చేతుల్లేని కోటు, వెనుక ‘డ్రోన్ నడిపేది నేనే’ అని, దాని కింద నీ పేరు, ఫోను నంబరు. అక్షరాలు అరచేయంత ఉండాలంటే ‘ఇదేమైనా సర్కసా’ అన్నాడు. మూడంతస్తుల మిద్దె మీద నుంచి కూడా చదవగలగాలి అన్నాను. ఆదివారం వచ్చినప్పుడు తీసుకుపో. నడుము దగ్గర కొంచెం వదులైతే మీ అమ్మ కుట్టి ఇస్తుంది. వచ్చేదారిలో కొర్లగుంటలో దిగి, ఆ వడియాల ఆవిడను ఒకసారి పలకరించి రా.

ఇట్లు,
మీ మామయ్య