నాచు సంగతి తర్వాత, ముందు గడ్డిమేటు చూసుకోండి

ప్రశ్న: డాక్టరు గారూ, మాది అంబాజీపేట దగ్గర పల్లె, ఆరు గేదెలున్నాయి. విదేశాల్లో మాంసం కోసం పెంచే పశువులకు సముద్రపు నాచు మేపితే అవి వదిలే మీథేన్ వాయువు బాగా తగ్గిందని మా అబ్బాయి ఫోన్లో చూపించాడు. అంతర్వేది వైపు ఒడ్డుకు కొట్టుకొచ్చే నాచు తెచ్చి మా గేదెలకు పెట్టొచ్చా? పాలు కూడా పెరుగుతాయంటున్నారు.

జవాబు: వద్దండి, ఒడ్డున దొరికిన నాచు గాడిలో వెయ్యకండి. అందులో ఉప్పు, ఇసుక, అయోడిన్ ఎంతున్నాయో కంటితో చూసి చెప్పలేం. వార్త మాత్రం నిజమే. పశువు పెద్ద పొట్టలో గడ్డి పులిసేటప్పుడు హైడ్రోజన్ పుడుతుంది, దాన్ని కొన్ని సూక్ష్మజీవులు మీథేన్ చేస్తాయి, అది త్రేన్పుల్లో బయటికి పోతుంది. ఆస్పరాగాప్సిస్ అనే ఎర్ర నాచులో ఉండే బ్రోమోఫామ్ అనే రసాయనం ఆ చివరి పనిని ఆపేస్తుంది. 2021లో కాలిఫోర్నియా పరిశోధకులు మాంసపు ఎడ్ల మీద ప్రచురించిన ఫలితాల్లో, మేతలో ధాన్యం ఎక్కువున్నప్పుడు మీథేన్ 80 శాతం దాకా తగ్గింది, అదే మోతాదు నాచు ఇచ్చినా గడ్డి ఎక్కువున్నప్పుడు సుమారు సగమే తగ్గింది. మన గేదె తినేదంతా దాదాపు వరిగడ్డే కదా, అందుకే ఆ 80 అంకె మన పాకలోకి రాదు. పాల మాటంటారా, పాడి ఆవుల మీద చేసిన పరీక్షలో మోతాదు పెంచేసరికి అవి మేతే తగ్గించేశాయి, పాలూ తగ్గాయి.

కానీ మీ అబ్బాయి ఆలోచన వదిలేయొద్దు. తిన్న మేతలోని శక్తిలో 2 నుంచి 12 శాతం దాకా ఈ వాయువు రూపంలో పోతుంది, అంటే పోయేది మీ డబ్బే. మాంసకృత్తులు 3, 4 శాతం మించని ఉత్త వరిగడ్డి మీద గేదె బతుకుతుంది గానీ పాలివ్వదు, వాయువు మాత్రం వదులుతూనే ఉంటుంది. మేత బాగుపడితే లీటరు పాలకు పోయే వాయువు దానంతటదే తగ్గుతుంది. అందుకని గడ్డిని యూరియాతో మాగబెట్టండి. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా, 50 లీటర్ల నీళ్లలో పలుకు లేకుండా పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లి, తొక్కి, గాలి చొరకుండా టార్పాలిన్ కప్పి 21 రోజులు ఉంచండి. మాంసకృత్తులు దాదాపు రెట్టింపవుతాయి, గడ్డీ మెత్తబడుతుంది. పెట్టే ముందు ఘాటు వాసన పోయేదాకా గంటసేపు ఆరబెట్టండి, ఆరు నెలల లోపు దూడలకు అసలు పెట్టకండి. యూరియా బస్తా, కలిపిన నీళ్ల బకెట్టు పశువులకు అందకుండా చూడండి. ఆ నీళ్లు ఒక్క నిమిషం తాగినా ప్రాణం పోవచ్చు, ఈ విషయంలో నాకు నిజంగా భయం.

సార్వా కోత ముందు చేలో పిల్లిపెసర చల్లుకున్న రైతుకు ఇంకేం కావాలి, ఆ పచ్చిమేత రోజూ కొంచెం కలిపితే తెలగపిండి ఖర్చు కూడా తగ్గుతుంది. ఇంకో మాట, బ్రెజిల్‌లో మాంసం కోసం పెంచే నెలోర్ మందలు మన ఒంగోలు జాతి సంతతే, కాబట్టి అక్కడి పరిశోధనలు మనకు పరాయివి కావు, చదవనివ్వండి అబ్బాయిని.

ప్రశ్న: తుఫానుకు తడిసిన మేటు నల్లబడింది. ఆ గడ్డి తిన్న గేదెకు తోక చివర ఎండిపోయింది, గిట్టల పైన వాచి పుండ్లు పడ్డాయి. గాలికుంటా?

జవాబు: గాలికుంటైతే నోట్లో కూడా పుండ్లుండి చొంగ కారుతుంది. మీరు చెప్పిన లక్షణాలు డెగ్నాలా వ్యాధివిలా ఉన్నాయి, బూజు పట్టిన వరిగడ్డిలోని విషం వల్ల వస్తుంది, రక్తం అందక తోక, చెవులు, కాళ్ల చివరలు కుళ్లిపోతాయి. ఈ పూటే ఆ గడ్డి ఆపి పచ్చిమేత వేయండి, పశువైద్యుడిని పిలిపించండి, ఆలస్యమైతే గిట్టలు ఊడిపోతాయి. యూరియాతో మాగబెడితే బూజు గడ్డి బాగవుతుందని ఎవరైనా చెప్పినా నమ్మి పెట్టకండి. నల్లబడిన గడ్డిని మేటు నుంచి విడదీసి పెంటకుప్పలో వేసేయండి, మిగిలింది ఎండలో పలచగా ఆరబెట్టి, వాసన చూసి, ముక్కిన వాసన లేకపోతేనే వాడండి.