రెండు అడ్డ వరసలా, అయిదు లక్షల అడ్డ వరసలా?

ఈసారి ప్రశ్నలు మూడు క్యూ భాష (కేడీబీ ప్లస్ డేటాబేస్‌తో వాడే భాష) గురించి, ఒకటి పైథాన్‌లో అంకెల పట్టికలకు వాడే నంపై లైబ్రరీ గురించి. కోడ్ ముక్కల్ని తెలుగు లిపిలోనే ఇస్తున్నాం. క్యూ ఆదేశాలు చిన్న అక్షరాల్లో టైపు చేయాలి. '.క్యూ' అని ఉన్నచోట క్యూ, '0ఎన్' అని ఉన్నచోట ఎన్ మాత్రం పెద్ద అక్షరాలు.

ప్రశ్న: పది అంకెల లిస్టును నాలుగేసి చొప్పున విడగొట్టడానికి 3 4#టిల్ 10 అని రాశాను (టిల్ 10 అంటే 0 నుంచి 9 దాకా). చివరి వరసలో 8 9 తరవాత 0 1 వచ్చాయి. ఎర్రర్ ఏమీ రాలేదు. ఎందుకిలా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీరు అడిగింది 3 వరసలు, 4 నిలువులు. అంటే 12 అంకెలు కావాలి, ఉన్నవి 10. # గుర్తు అంకెలు చాలకపోతే మళ్లీ మొదటి నుంచి తీసుకుంటుంది. ఈ అలవాటు ఏపీఎల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష నుంచి వచ్చింది. కెనెత్ ఐవర్సన్ 1962లో ప్రచురించిన సంకేత పద్ధతి నుంచి పుట్టిన ఆ భాషలోని 'రో' (ఆకారమిచ్చే గుర్తు) కూడా అంతే, జే భాషలోని డాలర్ గుర్తు కూడా అంతే. ఒకే విలువతో పట్టిక నింపడానికి ఇది ఎంతో హాయి. మార్కెట్ డేటా లాంటి వాటి మీద మాత్రం ప్రమాదం, ఎందుకంటే తప్పు లెక్క సరైన ఆకారంలో కనిపిస్తుంది.

ముక్కలు చేయడమే మీ ఉద్దేశమైతే 4 కట్ టిల్ 10 వాడండి. 0ఎన్ 4#టిల్ 10 అన్నా (0ఎన్ అంటే నల్, విలువ లేదని చెప్పే గుర్తు) అదే ఫలితం: నాలుగు, నాలుగు, చివర రెండు. 0ఎన్‌ను రెండో స్థానంలో పెడితే, అంటే 3 0ఎన్#టిల్ 10 అంటే, మూడు వరసలే వస్తాయి. వాటి పొడవులు 3, 3, 4. ముక్కలు ఎక్కడ మొదలవ్వాలో మీరే చెప్పాలంటే 0 3 7 కట్ టిల్ 10. మొదటి అయిదు కావాలి, తక్కువుంటే ఉన్నవి చాలు అనుకుంటే # బదులు సబ్‌లిస్ట్ వాడాలి, అది మళ్లీ మొదటికి పోదు.

ఒక జాగ్రత్త. చివరి ముక్క పొట్టిగా ఉన్న లిస్టును ఫ్లిప్ చేస్తే, అంటే అడ్డ వరసల్ని నిలువుగా తిప్పితే, లెంగ్త్ ఎర్రర్ వస్తుంది. ఆ ఎర్రర్ తప్పించుకోవడానికి మళ్లీ 3 4# దగ్గరికి వెళ్లకండి. చివరి ముక్కను విడిగా తీసి పెట్టుకోండి, లేదా దాన్ని నల్ విలువలతో నింపి పొడవు సరిచేయండి.

ప్రశ్న: పది లక్షల లాంగ్ (8 బైట్ల) అంకెలు 8 ఎంబీ అనుకున్నాను. రెండేసి చొప్పున జతలు కడితే 20 ఎంబీ అయింది. అంకెలు అవే కదా?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: అంకెలు అవే, వాటి చుట్టూ చేరిన సరంజామా కొత్తది. ఏపీఎల్‌లో మామూలు అంకెల పట్టిక ఒకే పొడవాటి ముద్ద, ఆకారం పక్కన విడిగా రాసి ఉంటుంది. క్యూలో మ్యాట్రిక్స్ అనే వేరే వస్తువు లేదు. ఉన్నది లిస్టుల లిస్టు. ప్రతి అడ్డ వరసా ఒక సొంత వెక్టర్, దానికి 16 బైట్ల హెడర్ (దాని వివరాలుండే ముందుభాగం) ఉంటుంది, దాన్ని చూపించడానికి పై లిస్టులో 8 బైట్ల పాయింటర్ ఉంటుంది. పైగా మెమరీని 2 ఘాతాల సైజు బ్లాకుల్లోనే ఇస్తారు.

ఇప్పుడు లెక్క వేద్దాం. విడగొట్టకముందు 80,00,000 బైట్ల డేటా, 16 హెడర్. ఇది 83,88,608 బైట్ల బ్లాకులో పడుతుంది. జతలు కడితే ఒక్కో వరసకు డేటా 16, హెడర్ 16, మొత్తం 32. అలాంటివి 5 లక్షలు, అంటే 1,60,00,000. పాయింటర్ల లిస్టుకు 40,00,016 బైట్లు కావాలి కాబట్టి 41,94,304 బ్లాకు. కలిపితే 2 కోట్ల బైట్లు దాటాయి. మూడేసి చొప్పున కడితే ఇంకో చిక్కు: వరసకు 40 బైట్లు చాలు, కానీ 64 బైట్ల బ్లాకు ఇస్తారు. వరసకు 24 బైట్లు వృథా.

అదే డేటాను 2 వరసలు, ఒక్కోటి 5 లక్షల పొడవుగా పెట్టండి. రెండు బ్లాకులు, ఒక్కోటి 41,94,304. మొత్తం మళ్లీ 83,88,608 దగ్గరే ఆగుతుంది. క్యూ పట్టికలు నిలువు వరసలుగా ఉండడానికి ఇదీ ఒక కారణం. వరసలు తక్కువ, పొడవు ఎక్కువ ఉండేలా ఆకారం ఎంచుకోవాలి. వేగం కూడా అక్కడే ఉంది.

జతలు కట్టి, తరవాత ఫ్లిప్ చేస్తే ఆఖరి ఫలితం చిన్నదే, మధ్యలో మాత్రం ఆ 20 ఎంబీ ఖర్చవుతుంది. అసలు లిస్టు పేరు ఎక్స్ అయితే, నేరుగా ఎక్స్ 2*టిల్ 500000 అని సరి స్థానాలు, ఎక్స్ 1+2*టిల్ 500000 అని బేసి స్థానాలు తీసుకోండి. తేడా చూడడానికి ఆ వాక్యం ముందు \టీఎస్ పెడితే మిల్లీసెకన్లు, బైట్లు రెండూ చెబుతుంది.

డేటాను దఫాలుగా చదివేవాళ్లకు ఇంకో మాట. దఫాకు 10,48,576 లాంగ్‌లు అని రౌండు సంఖ్య పెట్టుకోకండి. డేటాయే సరిగ్గా 83,88,608 బైట్లు, హెడర్ కలిస్తే బ్లాకు దాటి 1,67,77,216కి పోతుంది. 10,00,000 పెట్టుకుంటే సగంలో సరిపోతుంది. విలువలు చిన్నవైతే లాంగ్ బదులు ఇంట్ (4 బైట్లు) లేదా షార్ట్ (2 బైట్లు) చేసుకోవడం అన్నిటికన్నా తేలికైన పొదుపు.

ప్రశ్న: పెద్ద వేరియబుల్‌ను తీసేశాను. అయినా ప్రాసెస్ తీసుకున్న మెమరీ తగ్గలేదు.
— ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: .క్యూ.డబ్ల్యు[] నడిపి యూజ్డ్ (వాడుకలో ఉన్న మెమరీ), హీప్ (క్యూ తీసుకుని ఉంచుకున్న మొత్తం) రెండూ చూడండి. యూజ్డ్ తగ్గి హీప్ తగ్గకపోతే, ఖాళీ అయిన బ్లాకుల్ని తరవాతి అవసరానికి క్యూ తన దగ్గరే ఉంచుకుందన్న మాట. .క్యూ.జీసీ[] పిలిస్తే ఆపరేటింగ్ సిస్టమ్‌కు తిరిగి ఇస్తుంది. క్యూను -జీ 1తో మొదలుపెడితే పెద్ద బ్లాకులు వదిలిన వెంటనే వెళ్లిపోతాయి, కానీ మాటిమాటికీ అడగడం, ఇవ్వడం వల్ల పని కొంచెం నెమ్మదిస్తుంది.

యూజ్డ్ కూడా తగ్గలేదంటే ఆ డేటాను ఇంకో పేరు పట్టుకుని ఉంది. వై:ఎక్స్ అంటే కాపీ కాదు, రెండు పేర్లూ ఒకే ముద్దను చూపిస్తాయి. -16!ఎక్స్ అంటే ఎన్ని రిఫరెన్సులున్నాయో తెలుస్తుంది. ఇలా రెండు పేర్లున్నప్పుడు ఎక్స్‌లో ఒక్క అంకె మార్చినా మొత్తం కాపీ అవుతుంది. ఒకే పేరుంటే అక్కడికక్కడే మారుతుంది.

జీసీ పిలిచినా హీప్ దిగకపోతే చాలాసార్లు కారణం ముందు ప్రశ్నలో చెప్పిన చిన్న వరసలే. పెద్ద బ్లాకులో ఒక్క చిన్న ముక్క బతికున్నా ఆ బ్లాకు వెనక్కి పోదు. అప్పుడు బి:-8!ఎక్స్ అని సీరియలైజ్ చేసి (వరస బైట్లుగా మార్చి), ఎక్స్:0 అని వదిలి, జీసీ పిలిచి, ఎక్స్:-9!బి అని తెచ్చుకోండి. మధ్యలో రెండు రూపాలూ కాసేపు కలిసి ఉంటాయి కాబట్టి ఆ మేరకు చోటు ఉండాలి.

సింబల్స్ (క్యూ ఒకే ఒక్క కాపీగా దాచుకునే మాటలు) సంగతి వేరు. ఒకసారి సింబల్‌గా మారిన మాట ప్రాసెస్ ఆగేదాకా మెమరీలోనే ఉంటుంది, ఏ జీసీ దాన్ని తీయలేదు. ఆర్డర్ నంబర్ల లాంటి, ప్రతిదీ వేరుగా ఉండే విలువల్ని సింబల్ చేయడం మానేయండి.

ప్రశ్న: నంపైలో రీషేప్ చేస్తే (ఆకారం మారిస్తే) డేటా కాపీ అవుతుందా?
— ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: వీలైతే కాదు. నంపై ఎర్రే (అంకెల పట్టిక) ఒకే ముద్ద, పక్కన స్ట్రైడ్‌లు (తరవాతి అంకెకు ఎన్ని బైట్లు దూకాలో చెప్పే సంఖ్యలు) ఉంటాయి. 8 బైట్ల అంకెల 3×4 పట్టికలో స్ట్రైడ్‌లు 32, 8. ట్రాన్స్‌పోజ్ చేస్తే అవి 8, 32గా తారుమారవుతాయి, డేటా కదలదు. అలా తిప్పినదాన్ని ఒకే వరసగా రీషేప్ చేయమంటే మాత్రం స్ట్రైడ్‌లతో చెప్పడం కుదరదు, అందుకే అడగకుండానే కాపీ చేస్తుంది. అది వద్దనుకుంటే నంపై 2.1 నుంచి రీషేప్‌కు కాపీ=ఫాల్స్ ఇవ్వొచ్చు, వీలుకాకపోతే ఎర్రర్ ఇస్తుంది. ఒకే వరసగా పరిచే ఆదేశాల్లో రావెల్ వీలైతే కాపీ చేయదు, ఫ్లాటెన్ ఎప్పుడూ చేస్తుంది. అనుమానం వస్తే షేర్స్‌_మెమరీతో చూసుకోండి.

దీనికి రెండో వైపు ఉంది. 8 ఎంబీ ఎర్రే నుంచి మొదటి 10 అంకెలు స్లైస్ చేసి దాచుకుంటే, ఆ పది కోసం 8 ఎంబీ మొత్తం మెమరీలో నిలిచిపోతుంది. దాచుకునే స్లైస్ చిన్నదైతే .కాపీ() చేసి పెట్టుకోండి.