ఒకే సమాధుల తోటలో ఇంతమంది కార్ల నిర్మాతలు ఎందుకున్నారు?

ప్రశ్న: అయ్యా, నేను గాజువాక ఆటోనగర్‌లో లారీల టర్బోలు, బ్రేకులు బాగుచేసే షెడ్డు నడుపుతున్నాను. అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో చదువుకుంటున్న మా మేనల్లుడు అక్కడి క్రౌన్ హిల్ అనే పాత సమాధుల తోటకు వెళ్లి ఫిషర్, ఆలిసన్, స్టట్స్, డ్యూసెన్‌బర్గ్ అనే పేర్లు చెక్కిన రాళ్ల ఫొటోలు పంపాడు. వీళ్లంతా తొలినాటి కార్లతోనూ, కార్ల పందేలతోనూ సంబంధం ఉన్నవారేనట. కార్ల ఊరంటే డెట్రాయిట్ అనే ఇన్నాళ్లూ విన్నాం. ఇంతమంది ఆ ఊళ్లో ఒకేచోట ఎందుకున్నారు? వీళ్ల పనిలో మా షెడ్డు దాకా వచ్చినది ఏమైనా ఉందా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: మీ మేనల్లుడు చెప్పింది నిజమే. క్రౌన్ హిల్ 1863లో ఏర్పాటై, మరుసటి ఏడాది ప్రారంభమైన 555 ఎకరాల సమాధుల తోట. అమెరికా 23వ అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ సమాధి కూడా అక్కడే ఉంది. మన భీమిలిలో డచ్చి వారి సమాధుల మధ్య తిరిగినవారికి, ఒకే వ్యాపారాన్ని నమ్ముకుని బతికినవాళ్లు చివరికి ఒకేచోట మట్టిలో కలవడం కొత్త సంగతి కాదు. క్రౌన్ హిల్‌లో ఆ వ్యాపారం మోటారు బండ్లు. ఇరవయ్యో శతాబ్దపు తొలి పదిహేనేళ్లలో ఇండియానాపొలిస్ డెట్రాయిట్‌కు గట్టి పోటీ ఇచ్చిన ఊరు. నేషనల్, మార్మన్, కోల్, స్టట్స్, ఆ తరువాత డ్యూసెన్‌బర్గ్ కార్లు అక్కడే తయారయ్యాయి. కాబట్టి మీ మేనల్లుడు చూసినవి పందెగాళ్ల సమాధులు మాత్రమే కావు. ఒక ఊరి పరిశ్రమను నిలబెట్టిన దీపం, కార్బురేటరు (పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే భాగం), గేరుబాక్సు, బ్రేకు తయారీదారుల సమాధులు.

ఆ రోజుల్లో అక్కడి రోడ్లు చాలావరకు మట్టిబాటలు. కొత్త కారును గంటల తరబడి వేగంగా నడిపి, ఏ భాగం విరుగుతుందో, ఏది వేడెక్కుతుందో తెలుసుకునే వీలు నిర్మాతలకు లేదు. అందుకోసమే కార్ల్ ఫిషర్, జేమ్స్ ఆలిసన్, ఆర్థర్ న్యూబీ, ఫ్రాంక్ వీలర్ అనే నలుగురు భాగస్వాములు కలిసి 1909లో రెండున్నర మైళ్ల చుట్టుకొలతతో ఇండియానాపొలిస్ మోటార్ స్పీడ్‌వే కట్టించారు. కార్లను పరీక్షించుకోవడానికే దాన్ని తలపెట్టారు. పందేలు ఆ పరీక్షను జనానికి చూపించే దారి అయ్యాయి. ఆ నలుగురూ ఇప్పుడు క్రౌన్ హిల్‌లోనే ఉన్నారు.

మీ షెడ్డు సంగతికి వస్తే, ఫిషర్, ఆలిసన్‌ల తొలి సంపాదన మీకు బాగా తెలిసిన వస్తువు నుంచే వచ్చింది. అప్పటి కార్లకు కరెంటు దీపాలు లేవు. కార్బైడు మీద నీటి చుక్కలు పడేలా చేసి, పుట్టిన అసిటిలీన్ గ్యాసును వెలిగించేవారు. అది గాలికీ కుదుపుకీ సరిగా వెలిగేది కాదు. ప్రెస్ట్-ఓ-లైట్ పేరుతో వీరిద్దరూ అసిటిలీన్‌ను ముందుగానే సిలిండరులో నింపి అమ్మారు. అసిటిలీన్‌ను ఉత్తగా ఒత్తిడితో కుక్కితే అది పేలిపోతుంది. అందుకని సిలిండరు లోపల సన్నని రంధ్రాలుండే పదార్థాన్ని నింపి, దాన్ని అసిటోన్ అనే ద్రవంతో తడిపి, అందులో గ్యాసు కరిగేలా చేస్తారు. ఆటోనగర్‌లో గ్యాసు వెల్డింగుకు వాడే డీఏ (కరిగించిన అసిటిలీన్) సిలిండరు ఈనాటికీ ఈ పద్ధతిమీదే పనిచేస్తోంది. అయితే సిలిండర్లు నింపే పని ఆ రోజుల్లో ప్రాణాంతకమైనది. నగరంలోని కర్మాగారంలో పేలుళ్లు జరగడంతో దాన్ని ఊరి వెలుపల, స్పీడ్‌వే పక్కకు తరలించవలసి వచ్చింది. డబ్బు తెచ్చిన వస్తువు ఎంత ప్రమాదకరమో తెలిసినవాళ్లు దానికి తగిన జాగ్రత్త మొదటినుంచీ తీసుకొని ఉండవలసిందని నా అభిప్రాయం.

స్పీడ్‌వే విషయంలోనూ ఇదే తొందర కనిపిస్తుంది. రాతిపొడి, తారు కలిపి వేసిన దారిమీద 1909 ఆగస్టులో మూడు రోజులు పందేలు పెట్టారు. దారి గుంటలు పడి, రాళ్లు ఎగిరి, ఐదుగురు చనిపోయారు. వారిలో ఇద్దరు చూడవచ్చిన ప్రేక్షకులు. ఆ తరువాతే 32 లక్షల ఇటుకలు తెప్పించి, 63 రోజుల్లో దారంతా పరిపించారు. పందెం మొదలై ముగిసే గీత దగ్గర మూడడుగుల వెడల్పున ఆ ఇటుకలను ఇప్పటికీ అలాగే ఉంచారు. 1911 మే 30న జరిగిన మొదటి 500 మైళ్ల పందెంలో ఊరి కారే, అంటే రే హారౌన్ నడిపిన మార్మన్ వాస్ప్, గంటకు దాదాపు 74.6 మైళ్ల సగటు వేగంతో గెలిచింది. మిగతా కార్లలో వెనక వచ్చేవారిని చూసి చెప్పడానికి డ్రైవరు పక్కన ఒక మెకానిక్ కూర్చునేవాడు. హారౌన్ ఆ మనిషికి బదులు కారుకు ఒక అద్దం బిగించుకున్నాడు.

నలుగురిలో మిగిలిన ఇద్దరి గురించి క్లుప్తంగా చెప్పవచ్చు. వీలర్ వ్యాపారం షెబ్లర్ కార్బురేటర్లు. న్యూబీది నేషనల్ కంపెనీ. 1912 పందెంలో గెలిచింది ఆ కారే. ఆలిసన్ మాత్రం స్పీడ్‌వే పక్కన పందెపు కార్ల కోసం పెట్టుకున్న వర్క్‌షాపును విమాన ఇంజన్ల సంస్థగా ఎదిగించాడు. ఆయన 1928లో మరణించాక అది జనరల్ మోటార్స్ చేతికి వెళ్లింది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద జపాను బాంబులు పడిన సంగతి మన పెద్దవాళ్లు చెప్పగా విన్నవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ నెలల్లోనే బర్మా ఆకాశంలో జపాను విమానాలను ఎదుర్కొన్న అమెరికన్ల పి-40 విమానాలు ఆలిసన్ ఇంజన్లతో ఎగిరినవే.

హారీ స్టట్స్‌ది మెకానిక్కులు ఇష్టపడే కథ. గేరుబాక్సును వెనక యాక్సిల్‌తో కలిపి ఒకే భాగంగా తయారుచేసి ఇతర కంపెనీలకు అమ్మేవాడు. 1911లో అయిదు వారాల్లో ఒక కారు తయారుచేసి, తిన్నగా మొదటి 500 మైళ్ల పందెంలోకి దింపాడు. అది పెద్ద మరమ్మతేమీ లేకుండా 11వ స్థానంలో ముగించింది. గెలవని కారుతోనే పేరు తెచ్చుకుని కంపెనీ నిలబెట్టాడు. 1919లో అదే కంపెనీ నుంచి బయటికి వచ్చి, 1930లో మరణించాడు.

మీ షెడ్డుకు అందరికంటే దగ్గరివాడు లూయీ ష్విట్జర్. 1909 ఆగస్టు 19న స్పీడ్‌వే మీద జరిగిన మొట్టమొదటి కార్ల పందెం, అయిదు మైళ్లది, గెలిచింది ఈయనే. స్వతహాగా ఇంజనీరు కావడంతో పందేలు మాని ఫ్యాన్లు, నీటి పంపులు, ఆ తరువాత ఇంజనులోకి గాలిని ఒత్తిడితో పంపే సూపర్‌ఛార్జర్లు, టర్బోఛార్జర్లు తయారుచేసే సంస్థ పెట్టాడు. 1967లో మరణించాడు. ఆయన సంస్థ చేతులు మారి 1999లో బోర్గ్‌వార్నర్ అనే వాహన భాగాల సంస్థలో కలిసింది. ఆ పేరున్న టర్బో మీ బల్లమీదకు ఎప్పుడో వచ్చే ఉంటుంది.

ఇక ఊరు ఎందుకు వెనకబడిందంటే, ఇండియానాపొలిస్ నిర్మాతలు ఖరీదైన కార్లను తక్కువ సంఖ్యలో, చేతిపనితనంతో చేశారు. ఫోర్డ్ 1913లో కదిలే అసెంబ్లీ లైను మొదలుపెట్టాక ధరలో వారితో తూగలేకపోయారు. 1929 తరువాతి మాంద్యం మిగిలినవాళ్లను ముంచింది. మార్మన్ 1933లో, స్టట్స్ 1935లో, డ్యూసెన్‌బర్గ్ 1937లో కార్ల తయారీ ఆపేశాయి.

ప్రశ్న: షెవర్లే కారుకు పేరిచ్చిన లూయీ షెవర్లే కూడా ఆ తోటలోనే ఉన్నాడా?
– ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ

జవాబు: లేడండీ. ఊరు అదే, తోట వేరు. స్విట్జర్లాండ్‌లో పుట్టిన లూయీ షెవర్లే 1941లో డెట్రాయిట్‌లో మరణించగా, ఇండియానాపొలిస్‌లోని హోలీ క్రాస్ అండ్ సెయింట్ జోసెఫ్ అనే కాథలిక్ సమాధుల తోటలో ఖననం చేశారు. 1920లో 500 మైళ్ల పందెం గెలిచి, అదే ఏడాది నవంబరులో బెవర్లీ హిల్స్ పందెంలో చనిపోయిన తమ్ముడు గాస్టన్ కూడా అక్కడే ఉన్నాడు. తన పేరుతో మొదలైన కంపెనీ నుంచి లూయీ కొద్ది ఏళ్లకే వైదొలిగాడు. ఆ పేరు మీద అమ్ముడైన లక్షల కార్ల లాభం ఆయనకు దక్కలేదు.

ప్రశ్న: ఫిషర్ మయామీ బీచ్‌లో చనిపోయాడని చదివాను. మరి క్రౌన్ హిల్‌కు ఎలా వచ్చాడు?
– ఒక పాఠకుడు, మర్రిపాలెం

జవాబు: ఫిషర్ మయామీ బీచ్‌ను అభివృద్ధి చేసినవారిలో ప్రముఖుడు. అమెరికాను తూర్పు నుంచి పడమరకు కలిపే లింకన్ హైవేకు 1913లో పూనుకున్నవాడు కూడా ఆయనే. 1926 తుపాను, 1929 మార్కెట్ పతనం ఆయన ఆస్తిని తుడిచిపెట్టాయి. 1939లో అక్కడే మరణించాడు. 1943లో అస్థికలను స్వస్థలానికి తెచ్చి క్రౌన్ హిల్‌లో ఉంచారు.

ప్రశ్న: డ్యూసెన్‌బర్గ్ కార్ల గొప్పతనం ఏమిటి? అవి మన దేశానికి వచ్చాయా?
– ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, మధురవాడ

జవాబు: ఫ్రెడ్, ఆగస్ట్ డ్యూసెన్‌బర్గ్ జర్మనీలో పుట్టి, అయోవాలో సైకిళ్లతో మొదలుపెట్టిన అన్నదమ్ములు. వారి అసలు ఘనత బ్రేకుల్లో ఉంది. అంతకుముందు కడ్డీలతో, తీగలతో లాగే బ్రేకులు చక్రాలను సమానంగా పట్టవు. తొక్కగానే బండి ఒక పక్కకు లాగుతుంది. ద్రవాన్ని గొట్టాల్లో నింపి నొక్కితే ఒత్తిడి అన్ని చక్రాలకూ ఒకేలా చేరుతుంది. 1921లో నాలుగు చక్రాలకూ ఈ హైడ్రాలిక్ బ్రేకులున్న డ్యూసెన్‌బర్గ్‌తో జిమ్మీ మర్ఫీ ఫ్రెంచి గ్రాండ్ ప్రీ గెలిచాడు. అదే ఏడాది ఆ బ్రేకులను మామూలు కొనుగోలుదారుల కారుకూ బిగించి అమ్మారు. నాలుగు చక్రాల హైడ్రాలిక్ బ్రేకులతో మార్కెట్లోకి వచ్చిన మొదటి కారు అదే. 1924, 1925, 1927 సంవత్సరాల్లో 500 మైళ్ల పందెం వారి కార్లవే.

1928లో వచ్చిన జె మోడల్ ఇంజను శక్తి 265 హార్స్‌పవర్ అని కంపెనీ ప్రకటించింది. 1932 జూలైలో పెన్సిల్వేనియా కొండదారిలో తన కారే నడుపుతూ ప్రమాదానికి గురైన ఫ్రెడ్, కొన్ని వారాలకు న్యుమోనియాతో మరణించాడు. ఆగస్ట్ 1955 దాకా జీవించాడు. ఫ్రెడ్ సమాధి క్రౌన్ హిల్‌లో ఉంది.

మన దేశం సంగతి: జె తరగతి కార్లు మొత్తం తయారైనవి 500 లోపే. వాటిలో సూపర్‌ఛార్జర్ బిగించిన ఎస్‌జె ఒకదాన్ని ఇండోరు మహారాజు రెండో యశ్వంత్‌రావు హోల్కర్ తన కోసం చేయించుకున్నారు. ఇంజను, ఛాసిస్ ఇండియానాపొలిస్‌వి. రెండు సీట్ల బాడీని మాత్రం ఇంగ్లండులోని గర్నీ నట్టింగ్ సంస్థ కట్టింది.