గిండీలో ఉద్యోగం, పిల్లలకు మంచి బడి: చెన్నై శివార్లలో ఎక్కడ ఉండాలి?

మీరు నెల్లూరు నుంచి ఈ వేసవిలో చెన్నైకి మారుతున్నారని, మీవారి ఆఫీసు గిండీలోనని, అమ్మాయి నాలుగో తరగతికి, బాబు యూకేజీకి వస్తారని రాశారు. తాంబరం, గూడువాంచేరి, ఆవడి, పాత మహాబలిపురం రోడ్డైన ఓఎంఆర్‌లలో పిల్లల చదువుకు, కుటుంబానికి ఏది అనువైనదని అడిగారు. మేము చాలా ఏళ్లుగా తూర్పు తాంబరంలో ఉంటున్నాం. మా పిల్లలిద్దరూ ఇక్కడి బడుల్లోనే చదువుకున్నారు, నేను నగరంలోని ఉద్యోగానికి లోకల్ రైల్లోనే వెళ్లి వస్తుంటాను. మీ వివరాలను బట్టి తాంబరం గాని, దానికి గిండీ వైపున్న క్రోంపేట గాని చూసుకోమని చెబుతాను. అయితే ఊరు ఏదైనా, ప్రయాణపు శ్రమ పెద్దవాళ్లు భరించాలి గాని పిల్లల మీద వేయకూడదన్నది నా గట్టి అభిప్రాయం. అందుకని ముందు బడి తేల్చుకుని, పిల్లలు పది పదిహేను నిమిషాల్లో నడిచి వెళ్లగలిగేంత దగ్గరలో ఇల్లు వెతకండి. స్టేషను కాస్త దూరమైనా ఫరవాలేదు, మీవారు షేర్ ఆటోలోనో బండి మీదనో వెళ్లగలరు.

చాలామంది దీనికి తలకిందులుగా చేస్తారు. స్టేషనుకు దగ్గరని, లేదా అద్దె తక్కువని ఇల్లు తీసుకుని, పిల్లల్ని స్కూలు వ్యానులో దూరపు బడికి పంపుతారు. మా వీధి చివర ఉండే ఒక పాపను చూస్తుంటాను. వ్యాను తిరిగే దారిలో వాళ్ల ఇల్లే మొదటిది కావడం వల్ల ఆ పాప పొద్దున అందరికంటే ముందు ఎక్కుతుంది, సాయంత్రం అదే దారి వెనక్కి తిరుగుతుంది కనుక అందరికంటే చివర దిగుతుంది. దిగేసరికి సగం నిద్రలో ఉంటుంది, సంచీ వాళ్ల నాయనమ్మ మోసుకెళుతుంది. అప్పటికి వీధిలో పిల్లల ఆటలు అయిపోయి ఉంటాయి. ఎంత మంచి బడైనా, రోజూ అంత సమయం వ్యానులో పోతే ఆ మంచితనం పిల్లలకు పూర్తిగా అందదు.

రైలు సంగతికి వస్తే, చెన్నై బీచ్ నుంచి తాంబరం వరకు 1931లోనే విద్యుత్ రైళ్లు మొదలయ్యాయి, ఆ మార్గమే ఇప్పటికీ దక్షిణ శివార్లకు ప్రాణాధారం. తాంబరం నుంచి గిండీకి దాదాపు అరగంట పడుతుంది. చాలా రైళ్లు తాంబరంలోనే బయలుదేరతాయి కాబట్టి ఇక్కడ ఎక్కేవారికి కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. క్రోంపేట, పల్లావరంలలో ఎక్కేవారికి ప్రయాణం తగ్గుతుంది గాని రద్దీ వేళల్లో నిలబడే వెళ్లాలి. గిండీలో లోకల్ స్టేషను పక్కనే మెట్రో కూడా ఉంది, రేపు మీవారి ఆఫీసు అన్నానగర్‌కో మరో చోటికో మారినా దారి మూసుకుపోదు.

తాంబరం దాటి దక్షిణానికి పోయే కొద్దీ పెరుంగళత్తూరు, వండలూరు, ఊరప్పాక్కం, గూడువాంచేరి వస్తాయి. అద్దెలు తగ్గుతాయి, ఇళ్లు విశాలంగా ఉంటాయి. కాని తాంబరంలో ఆగిపోయే రైళ్లు ఇక్కడికి రావు, చెంగల్పట్టు వైపు వెళ్లే రైళ్లే గతి, వాటి మధ్య వ్యవధి ఎక్కువ. వండలూరు దగ్గరి కిళాంబాక్కంలో బస్టాండు 2023 డిసెంబరు చివర మొదలైన తరువాత దక్షిణ జిల్లాల బస్సులు అక్కడి నుంచే నడుస్తున్నాయి, పండగ ముందు రోజుల్లో ఆ ప్రాంతంలో జీఎస్టీ (గ్రాండ్ సదరన్ ట్రంక్) రోడ్డు మీద వాహనాలు కదలవు. రోజూ ఆఫీసుకు వెళ్లనక్కరలేని వారికి గూడువాంచేరి బాగానే ఉంటుంది. ఆవడి మంచి ఊరే, మన తెలుగువారూ ఉన్నారు, కాని ఆ రైళ్లు సెంట్రల్ వైపు వెళతాయి, గిండీకి మారి ఎక్కాల్సి వస్తుంది. ఓఎంఆర్‌లో చాలా భాగానికి లోకల్ రైలు లేదు, కాబట్టి మీ అవసరానికి దాన్ని పక్కన పెట్టేయవచ్చు.

తాంబరంలో ఇల్లు వెతికేటప్పుడు రైలు పట్టాలను మరచిపోవద్దు. పట్టాలకు తూర్పున సేలయూరు, క్యాంప్ రోడ్డు, మాడంబాక్కం, పడమట ప్రధాన బజారు, ముడిచ్చూరు రోడ్డు ఉంటాయి. పటంలో రెండు వైపులూ ఆనుకున్నట్టే కనిపిస్తాయి గాని, బడి ఒక పక్క, ఇల్లు ఇంకో పక్క అయితే వంతెన మీదుగానో సబ్‌వేలోంచో చుట్టూ తిరిగి వెళ్లాలి, నాలుగో తరగతి పిల్లను ఆ దారిలో ఒంటరిగా పంపలేరు.

ఇక బడులు. ప్రైవేటు బడుల పేర్లు నేను కావాలనే రాయడం లేదు. హెడ్ మాస్టరు మారినా, నలుగురు మంచి టీచర్లు వెళ్లిపోయినా రెండేళ్లలో బడి మారిపోతుంది, పాత పేరు మాత్రం అలాగే ఉంటుంది. మీరే వెళ్లి చూడండి. సాయంత్రం బడి విడిచే వేళకు గేటు దగ్గర కాసేపు నిలబడి, పిల్లలు ఎలా బయటికి వస్తున్నారో, టీచర్లు వాళ్లతో ఎలా మాట్లాడుతున్నారో గమనించండి. తెలిసినవారి పిల్లల నోటుపుస్తకం ఒకటి అడిగి చూడండి. ప్రతి పేజీలో ఒకే రకం టిక్కు పెట్టి ఉందా, లేక తప్పును గుర్తించి పక్కన సరైనది రాయించారా అన్నది అందులో స్పష్టంగా కనిపిస్తుంది. మా అమ్మాయి లెక్కల టీచరు తప్పు లెక్కను కొట్టేయకుండా, ఎక్కడ దారి తప్పిందో ఆ అంకె చుట్టూ సున్న చుట్టి వదిలేసేవారు, మిగతాది పిల్ల తానే సరిదిద్దుకోవాలి. అలాంటి టీచర్లున్న బడికి భవనం పాతదైనా నేను మొగ్గు చూపుతాను.

మన దగ్గర నుంచి వచ్చేవారికి ఇక్కడి బడుల ఏర్పాటు కొత్తగా ఉంటుంది. మెట్రిక్యులేషన్ స్కూలంటే (ఇక్కడి ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడి) వేరే సిలబస్ అనుకుంటారు, కాని 2010-11లో సమచ్చీర్ కల్వి, అంటే అందరికీ ఒకే రకం చదువు, మొదలైన తరువాత రాష్ట్ర బోర్డు బడులకూ మెట్రిక్యులేషన్ బడులకూ ఉమ్మడి పాఠ్యప్రణాళికే. విడిగా ఇంటర్ కాలేజీలు ఇక్కడ లేవు, పదకొండు, పన్నెండు తరగతులు హయ్యర్ సెకండరీ బడిలోనే చదవాలి. అందుకని పన్నెండు వరకూ ఉన్న బడిని ఎంచుకుంటే పదో తరగతి తరువాత మళ్లీ వెతుకులాట ఉండదు. రాష్ట్ర సిలబస్ ప్రైవేటు బడుల ఫీజును 2009 చట్టం కింద ఏర్పాటైన కమిటీ నిర్ణయిస్తుంది, ఆ బడికి నిర్ణయించిన ఫీజు ఎంతో ముందే చూసుకుని వెళితే మాట్లాడటం తేలిక. సీబీఎస్‌ఈ అని బోర్డు పెట్టుకున్న బడికి నిజంగా అనుబంధం ఉందో లేదో, ఏ తరగతి వరకు ఉందో సీబీఎస్‌ఈ వెబ్‌సైటులో చూడవచ్చు. తాంబరం వైమానిక దళ కేంద్రంలో కేంద్రీయ విద్యాలయం ఉంది గాని, ప్రైవేటు ఉద్యోగుల పిల్లలు ప్రాధాన్య క్రమంలో చివరన వస్తారు, దాని మీదే ఆశ పెట్టుకుని ఇల్లు తీసుకోవద్దు.

భాష గురించి మీరు అడగలేదు, కాని అడగవలసిన మొదటి ప్రశ్న అదే. 2006లో వచ్చిన చట్టం ప్రకారం తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి పాఠం, ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టి ఏడాదికొక తరగతి చొప్పున అమలు చేశారు. 2015-16 నుంచి సీబీఎస్‌ఈ వంటి ఇతర బోర్డుల బడులకూ దాన్ని అలాగే దశలవారీగా వర్తింపజేశారు. పదో తరగతి పరీక్షలో తమిళం రాయడం నుంచి మినహాయింపు కోసం భాషా అల్పసంఖ్యాకులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. యూకేజీ బాబుకు ఏ ఇబ్బందీ ఉండదు, తోటి పిల్లలతో ఆడుకుంటూ నేర్చుకుంటాడు. నాలుగో తరగతి అమ్మాయికి మాత్రం తోటివారు అప్పటికే మూడేళ్లు తమిళం చదివి ఉంటారు. వేరే రాష్ట్రం నుంచి మధ్యలో చేరిన పిల్లలకు తమిళం ఎలా నేర్పుతారు, పరీక్ష ఎలా పెడతారు అని చేర్చే ముందే అడిగి, వీలైతే జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. వేసవిలోనే అక్షరాలు దిద్దించడం మొదలుపెడితే అమ్మాయికి బెదురు పోతుంది.

తెలుగు పాఠంగా దొరికే బడులు శివార్లలో అరుదు. జార్జిటౌన్‌లోని కన్యకా పరమేశ్వరీ దేవస్థానం వారి బడులు, కేసరి బడులు వంటి పాత తెలుగు సంస్థలు నగరం లోపల ఉన్నాయి, తాంబరం నుంచి చిన్న పిల్లల్ని అంత దూరం పంపడం నాకు సబబుగా తోచదు. మేము రాత్రి భోజనాల తరువాత ఇంట్లోనే తెలుగు చదివించాం. వారానికి ఒక ఉత్తరం తాతగారికి తెలుగులో రాయాలన్న నియమం అన్నిటికంటే బాగా పనిచేసింది.

ఇంటి సంగతిలో వానను గుర్తుంచుకోండి. 2015 డిసెంబరు 1న మొదలైన వానకు ఒక్క రోజులో తాంబరంలో 49 సెంటీమీటర్లు కురిసింది, అడయారు నది పొంగి పడమటి వైపున ముడిచ్చూరు, వరదరాజపురం మునిగాయి. ఆ వైపు ఇంటికి అద్దె తక్కువ చెబితే, ఎందుకు తక్కువో వీధిలోని ఇస్త్రీ దుకాణంలో అడగండి, బ్రోకరు చెప్పని సంగతి అక్కడ తెలుస్తుంది. గోడల మీద పాత నీటి చార, ఎత్తు పెంచిన గుమ్మాలు, నడుముకు పైన బిగించిన ఇన్వర్టర్లు కనిపిస్తే ఆ వీధికి వరద కొత్త కాదని అర్థం. అలాగే 2019 వేసవిలో నగరానికి నీళ్లిచ్చే చెరువులు ఎండిపోయినప్పుడు ఆ అపార్టుమెంటు వారు ఎన్ని లారీల నీళ్లు కొన్నారో కూడా అడగండి.

ఇల్లు ఖాయం చేయడానికి తొందర లేదు గాని బడికి ఉంది. ఇక్కడి చాలా సీబీఎస్‌ఈ బడులు ఏప్రిల్‌లోనే కొత్త తరగతి మొదలుపెడతాయి. మీరు జూన్‌లో వస్తే అమ్మాయికి కొన్ని పాఠాలు దాటిపోయి ఉంటాయి. రాష్ట్ర బోర్డు బడులైతే జూన్‌లోనే తెరుస్తారు, మీ రాకకు అది చక్కగా సరిపోతుంది. ఇప్పుడే ఒకసారి వచ్చి రెండు మూడు బడులు చూసి, సీటు ఖాయమైన తరువాతే నెల్లూరు బడిలో టీసీ తీసుకోండి. ఏ బడి దాకా వచ్చారో రాస్తే, ఆ చుట్టుపక్కల ఏ వీధులు నడకకు బాగుంటాయో నాకు తెలిసినంత చెబుతాను.