బెళగావి జిల్లా మలెనాడా, బయలుసీమా?

మీ చిక్కు అర్థమైంది. కర్ణాటకలో ప్రతి జిల్లానీ తీరం, మలెనాడు (కొండ ప్రాంతం), బయలుసీమ (మైదాన ప్రాంతం) అనే మూడింట్లో ఒకదానిలో వేసేయాలని చూస్తున్నారు, బెళగావి దగ్గర ఆగిపోయారు. జిల్లా హద్దులు మనుషులు గీసుకున్నవి, అందుకే లెక్క కుదరదు. వాటిని పక్కనపెట్టి పటం మీద ముందు పడమటి కనుమల గీత గీయండి.

అరేబియా సముద్రం మీది మబ్బులు ఆ కొండలకు తగిలి అక్కడే కురిసేస్తాయి. శివమొగ్గ జిల్లా ఆగుంబెలో ఏటా 7,000 మి.మీ. పైనే వాన. కొండ దాటి తూర్పుకెళ్తే, చిత్రదుర్గ వైపు 600 దగ్గరే! కొండలదే మలెనాడు, వాటి వెనక వాననీడే (కొండల అడ్డుతో వాన తగ్గే చోటే) బయలుసీమ. మలె అంటే తిరుమలలోని మన 'మల'నే, అంటే కొండ, ఇక మర్చిపోరు.

ఇప్పుడు బెళగావి చూడండి: పడమట ఖానాపూర్ దట్టమైన అడవి, తూర్పున అథణి మెట్టనేల. కాబట్టి తాలూకాల వారీగా విడగొట్టి రాసుకోండి. బయలుసీమను మళ్లీ రెండు చేయండి. ఉత్తరాన కృష్ణ, నల్లరేగడి. దక్షిణాన కావేరి, ఎక్కువగా ఎర్రనేల. తీరం సన్నటి పట్టీ, దానితో ఇబ్బంది రాదు.

మీరు గీసిన కనుమల గీతను నదులతో కూడా సరిచూసుకోవచ్చు. శరావతి జోగ్ జలపాతం దగ్గర 253 మీటర్లు దూకి పడమటికి పోతుంది, తుంగ అదే కొండల్లో పుట్టి తూర్పుకు తిరుగుతుంది.